గంప కింద లెక్క

సీతాఫలాల రోజుల్లో అరకు లోయలో వారపు సంతకి వెళితే దారికి రెండు వైపులా గోనెపట్టాల మీద కాయలు కుప్పలు పోసి ఉంటాయి. తూకం ఉండదు, కుప్ప ఇంతని ధర. అమ్మే ఆవిడ కుప్ప పోసేటప్పుడు ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టదు. చేతికొచ్చిన కాయలు సర్ది, పక్క కుప్ప వంక చూసి, ఒకటి తీసి ఇంకొకటి వేస్తుంది. కొనేవాళ్ళూ లెక్కపెట్టరు. వంగి ఒక్క చూపు చూసి, "ఈ కుప్ప ఇయ్యమ్మా" అని వేలు చూపిస్తారు. చాలాసార్లు ఆ వేలు ఒక కాయ ఎక్కువున్న కుప్ప మీదకే పోతుంది.

ఆ పక్కనే కాళ్ళు కట్టేసిన నాటుకోడి ఒకటి, గంప కింద దాని పిల్లలు. అరకు చూసొచ్చినవాళ్ళకి కోడి అనగానే బొంగు చికెన్ గుర్తొస్తుంది. ఈ అధ్యాయంలో ఆ గంప కిందికి తొంగి చూద్దాం. కొనేవాళ్ళ చూపులో ఉన్న లెక్కా, ఆ కోడిపిల్ల చూపులో ఉన్న లెక్కా ఒక్కటేనని, అది బడికంటే, భాషకంటే చాలా పాతదని గత నలభై ఏళ్ళ పరిశోధన చెబుతోంది.

ఒక్క చూపుకి నాలుగు

1871లో ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్త తన మీద తానే ఒక ప్రయోగం చేసుకున్నాడు. గుప్పెడు చిక్కుడు గింజలు పెట్టెలోకి విసిరి, అందులో ఎన్ని పడ్డాయో చూసీ చూడగానే చెప్పి, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకున్నాడు. ఇలా వెయ్యికి పైగా సార్లు చేశాడు. మూడు, నాలుగు గింజలు పడినప్పుడు ఒక్కసారి కూడా తప్పు రాలేదు. అయిదు దగ్గర తప్పులు మొదలయ్యాయి. ఆపైన గింజలు పెరిగినకొద్దీ తప్పులూ పెరిగాయి.

మన్యంలో పండే రాజ్మా గింజలు నాలుగు గుప్పిళ్ళు తెచ్చుకుంటే ఇది మీరూ ఇంట్లో చేసి చూడవచ్చు. పిల్లల చేత చేయిస్తే ఇంకా బాగుంటుంది. రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది, నాలుగు దాకా లెక్కపెట్టే పనే ఉండదు, కంటికే తెలిసిపోతుంది. రెండోది, ఆపైన మనం లెక్కపెట్టకుండా చెప్పేది అంచనా మాత్రమే. ఆ అంచనాకి ఒక నియమం ఉంది. రెండు గింజలకీ మూడు గింజలకీ తేడా వెంటనే కనబడుతుంది. ఇరవైకీ ఇరవై ఒకటికీ తేడా కనబడదు. రెండు చోట్లా తేడా ఒక్క గింజే. మన కంటికి తెలిసేది ఎన్ని ఎక్కువన్నది కాదు, ఎన్నో వంతు ఎక్కువన్నది. జర్మన్ శాస్త్రవేత్త వెబర్ బరువుల విషయంలో కనిపెట్టిన ఈ నియమం సంఖ్యలకీ వర్తిస్తుంది.

వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టడం, ఎక్కాలు, సోల, మానిక, కుంచం ఇవన్నీ మనిషి కట్టుకున్న మేడ. దాని కింద ఉన్న పునాది ఈ మాటల్లేని లెక్క. దీన్ని సంఖ్యాస్పృహ అందాం. ఇది గణితం ప్రొఫెసర్‌లోనూ ఉంది, ఏడాది నిండని పసిబిడ్డలోనూ ఉంది. మరి జంతువుల్లో ఉందా?

గంగిరెద్దు చెప్పే జాగ్రత్త

జంతువుల తెలివిని నమ్మడానికి ముందు ఒక జాగ్రత్త నేర్చుకోవాలి. అది నేర్పింది బెర్లిన్‌లోని ఒక గుర్రం. విల్‌హెల్మ్ ఫాన్ ఆస్టెన్ అనే లెక్కల మాస్టారు దానికి కూడికలు నేర్పానన్నాడు. "మూడూ రెండూ ఎంత?" అంటే అది గిట్టతో అయిదుసార్లు నేల తట్టేది. 1904లో పెద్దమనుషుల సంఘం ఒకటి వచ్చి చూసి, ఇందులో మోసం లేదని తేల్చింది. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే యువకుడు ఓపిగ్గా పరీక్షలు పెట్టాడు. అడిగే మనిషికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు. అడిగే మనిషి కంటికి కనబడకపోయినా తెలియడం లేదు. సరైన సంఖ్య దగ్గరికి రాగానే ఎదుటి మనిషి తల తనకే తెలియకుండా రవ్వంత కదులుతుంది. గుర్రం ఆ కదలికని చూసి ఆగుతోంది.

సంక్రాంతికి గంగిరెద్దు మన వాకిట్లోకి వచ్చి తల ఊపుతుంది, మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెడుతుంది. అది మన మాటకి కాదు, తన యజమాని గొంతుకీ చేతి కదలికకీ అని మనకి తెలుసు. ఆ ఎద్దుకి తెలివి లేదని కాదు. మనిషిని చదవడం గొప్ప తెలివి. కానీ అది కూడికల తెలివి కాదు. అందుకే అప్పటినుంచీ శాస్త్రవేత్తలు ఒక నియమం పెట్టుకున్నారు: జవాబు తెలిసిన మనిషి పరీక్ష రాసే జంతువు కంటబడకూడదు. బొమ్మల పరిమాణం, అవి ఆక్రమించే చోటు, వాసన, ఇవేవీ జంతువుకి జవాబు అందించకుండా చూసుకోవాలి. ఇక్కడ చెప్పబోయే ప్రయోగాలు ఈ జాగ్రత్తలతో జరిగినవి.

అడవి కోడి మనవలు

అనంతగిరి నుంచి పాడేరు దాకా ఎక్కడైనా పొద్దున్నే అడవి దారిన నడిస్తే పొదల్లోంచి కోడికూత వినిపిస్తుంది. ఊరి కోడి కూతలాంటిదే, చివర తుంచినట్టుంటుంది. అది ఎర్ర అడవికోడి. గోదావరికి ఉత్తరాన తూర్పు కనుమల్లో ఇది ఉంటుంది. దక్షిణాన ఉండేది బూడిదరంగు అడవికోడి. ప్రపంచమంతటా మనుషులు పెంచుకునే కోళ్ళకి మూలపురుషుడు ప్రధానంగా ఈ ఎర్ర అడవికోడే.

ఈ కొండల పక్షుల మీద మంచి పని జరిగింది. విశాఖకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, అమెరికాకు చెందిన డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి విశాఖ కనుమల పక్షుల వివరాలు 1987, 1988లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో ప్రచురించారు. ఈశాన్య భారతంలో ఉండే అబట్స్ బాబ్లర్ అనే పిట్ట, మధ్యలో ఎక్కడా లేకుండా, మళ్ళీ ఈ కనుమల్లో కనబడింది. 1985లో దాని ఇక్కడి ఉపజాతికి కృష్ణరాజు గారి పేరే పెట్టారు. అలా ఈ కొండల పిట్టల పేర్లు పుస్తకాలకెక్కాయి. వాటి మనసుల సంగతి తెలుసుకునే ప్రయోగాలు మాత్రం ఇక్కడికి చాలా దూరంలో, ఇటలీలోని పాదువా, ట్రెంటో నగరాల్లో, అడవికోడి మనవలైన ఊరి కోడిపిల్లల మీద జరిగాయి.

కోడిపిల్లనే ఎందుకు ఎంచుకున్నారు? మనిషి బిడ్డ నడవడానికి ఏడాది పడుతుంది. అప్పటికి ఎంత పుట్టుకతో వచ్చిందో, ఎంత నేర్చుకున్నదో విడదీయడం కష్టం. కోడిపిల్ల గుడ్డులోంచి వచ్చిన కాసేపటికే లేచి నడుస్తుంది. మొదట కంటబడి కదిలేదాన్ని తల్లిగా మనసులో ముద్ర వేసుకుని దాని వెంటే పోతుంది. ఆ మొదటి వస్తువు ప్లాస్టిక్ బంతి అయినా సరే.

రోసా రుగాని, లూచియా రెగొలిన్, జోర్జో వల్లొర్తిగార అనే శాస్త్రవేత్తలు 2009లో ఈ గుణాన్ని ఇలా వాడుకున్నారు. పిల్ల పుట్టగానే దాని దగ్గర అయిదు ఒకేరకం బంతులు వేలాడదీశారు. అవే దాని తోబుట్టువులు, అవే దాని కుటుంబం. మూడు నాలుగు రోజుల తర్వాత ఆ పిల్లని పారదర్శకమైన అడ్డు వెనక కూర్చోబెట్టారు. దాని కళ్ళ ముందే ఒక తెర వెనక్కి నాలుగు బంతులు, ఇంకో తెర వెనక్కి ఒక బంతి వెళ్ళాయి. తర్వాత మొదటి తెర వెనకనుంచి రెండు బంతులు, ఒకదాని తర్వాత ఒకటి, రెండో తెర వెనక్కి మారాయి. ఇప్పుడు అడ్డు తీశారు. పిల్ల ఎటు పోవాలి?

మొదట చూసిన దాన్నిబట్టయితే నాలుగు ఉన్న వైపు పోవాలి. కానీ నాలుగులోంచి రెండు పోతే రెండు, ఒకటికి రెండు కలిస్తే మూడు. కోడిపిల్లలు ఎక్కువసార్లు మూడు ఉన్న తెర వెనక్కే వెళ్ళాయి. అక్కడ చివరికి ఎన్ని ఉన్నాయో ఒక్క చూపులో చూసే వీలు వాటికి ఏ క్షణంలోనూ లేదు. కనబడని వాటిని మనసులో ఉంచుకొని, వచ్చినవి కలుపుకొని, పోయినవి తీసేసుకోవాలి. నాలుగు రోజుల పిల్ల, బడి లేదు, పలక లేదు, ఆ పని చేసింది.

అడవిలో ఈ తెలివి దేనికో ఆలోచించండి. తల్లి వెనక నడిచే పిల్లలు పొదల మాటున కనబడుతూ మాయమవుతూ ఉంటాయి. ఎక్కువమంది ఉన్న గుంపులో చేరిన పిల్లకి చలికి వెచ్చదనం, గద్ద వస్తే రక్షణ. ఎక్కువ ఎటుందో తెలియడం ప్రాణంతో సమానం. 2022లో వల్లొర్తిగార బృందం, ఏ శిక్షణా లేని కోడిపిల్లల మెదడులో ఒక్కో సంఖ్యకి ప్రత్యేకంగా స్పందించే నాడీకణాలని గుర్తించింది.

తప్పుడు లెక్కల్ని మనం కాకి లెక్కలంటాం. నిజం కాకులకి ఇది అన్యాయం. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రియాస్ నీడర్ బృందం 2015లో కాకుల మెదడులో సంఖ్యల నాడీకణాలు చూపించింది. నాలుగు చుక్కలకి ఎక్కువగా స్పందించే కణం మూడుకీ అయిదుకీ కాస్త తక్కువగా, ఒకటికి ఇంకా తక్కువగా స్పందిస్తుంది. మన అంచనాలు పక్క సంఖ్యల దగ్గరే తడబడేది ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. 2024లో అదే ప్రయోగశాల కాకులు చూపిన గుర్తునిబట్టి ఒకసారి మొదలు నాలుగుసార్ల దాకా లెక్కగా అరవడం నేర్చుకున్నాయి.

గింజకి ఒక కన్ను, గద్దకి ఒక కన్ను

ఇప్పుడు సంత వదిలి ఒక ఇంటి వాకిట్లోకి రండి. తల్లికోడి నేల గీరుతోంది. పిల్లలు నూకలు ఏరుకుంటున్నాయి. ఒక పిల్ల పొడవబోయి ఆగుతుంది, తల కాస్త పక్కకి వంచి నేలని ఒక కంటితో చూస్తుంది, పొడుస్తుంది. ఇంతలో పైన నీడ కదిలిందో ఏమో, తల తిప్పి రెండో కన్ను ఆకాశానికి ఎత్తుతుంది. పక్షి కళ్ళు తలకి చెరో పక్కన ఉంటాయి. ఒక్కో కంటి నరం దాదాపు మొత్తంగా అవతలి వైపు మెదడుకి వెళుతుంది. కుడికన్ను చూసింది ముందు ఎడమ మెదడుకి, ఎడమకన్ను చూసింది కుడి మెదడుకి. పైగా మన మెదడులో రెండు సగాల్నీ కలిపే పెద్ద వంతెన పక్షులకి లేదు. అందువల్ల ఒక కంటికి గంత కట్టి చూస్తే మెదడులో ఒక సగం ఏం చేస్తుందో తెలిసిపోతుంది.

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ 1970ల చివర్లో సరిగ్గా ఇదే చూశారు. నేలకి అంటించిన చిన్న రాళ్ళ మధ్య గింజలు చల్లి కోడిపిల్లని వదిలారు. ఎడమకన్ను మూసి కుడికంటితో చూసే పిల్ల కొద్దిసేపట్లోనే రాయినీ గింజనీ విడదీసింది. కుడికన్ను మూసిన పిల్ల రాళ్ళని పొడుస్తూనే ఉంది. అంటే వస్తువుల్ని రకాలుగా విడదీసే పని ఎడమ మెదడుది. కొత్తదాన్ని, ఆపదని పసిగట్టే పని కుడి మెదడుది, దానికి కిటికీ ఎడమకన్ను.

మెదడు రెండు సగాలకీ వేరువేరు పనులుంటాయన్న మాట మనిషి విషయంలో 1861లో మొదలైంది. ఫ్రాన్సు వైద్యుడు పాల్ బ్రోకా మాట పడిపోయిన రోగుల మెదడు ఎడమ భాగంలో దెబ్బ చూశాడు. అప్పటినుంచీ ఇది భాష ఉన్న మనిషికే సొంతమని చాలాకాలం అనుకున్నారు. ఆ నమ్మకాన్ని కదిలించినవాళ్ళలో రోజర్స్ ఒకరు. అంతకుముందే ఫెర్నాండో నొట్టెబామ్, పాడే పిట్టల్లో ఎడమ వైపు నరం తెగితే పాట చాలావరకు పోతుందనీ, కుడి వైపుది తెగితే పాట నిలుస్తుందనీ చూపించాడు. తర్వాత కప్పల్లో, చేపల్లో, కుక్కల్లో కూడా పని పంపకం కనబడింది. 2007లో ఇటలీలో తీసిన లెక్క ప్రకారం, కుక్క తన యజమానిని చూసినప్పుడు తోక కుడివైపు ఎక్కువ ఊపుతుంది, తెలియని పెద్ద కుక్కని చూసినప్పుడు ఎడమవైపు ఎక్కువ ఊపుతుంది.

కోడిపిల్లలో ఈ పంపకం ఎక్కడ మొదలవుతుంది? ఇక్కడే అసలు విశేషం ఉంది. కోడిగుడ్డు పొదగడానికి ఇరవై ఒక్క రోజులు. చివరి రోజుల్లో లోపలి పిల్ల తల వంచి ముడుచుకుని ఉంటుంది. ఎడమకన్ను తన ఒంటికే ఆనుకుని మూసుకుపోతుంది. కుడికన్ను పెంకు వైపు ఉంటుంది. పొదిగే కోడి రోజూ కాసేపు మేతకి లేస్తుంది. ఆ కాసేపూ పెంకులోంచి వెలుగు లోపలికి చొరబడి కుడికంటిని మాత్రమే తాకుతుంది. ఆ కొద్ది గంటల వెలుగే కుడికంటి దారిని ముందు బలపరుస్తుంది. గుడ్డుని పూర్తి చీకట్లో పొదిగిస్తే ఈ రకం పంపకం సరిగా ఏర్పడదు.

చీకట్లో పొదిగితే నష్టమేమిటి? రోజర్స్, పావ్లో జూక్కా, వల్లొర్తిగార 2004లో దీన్నే పరీక్షించారు. రాళ్ళ మధ్య గింజలు ఏరుకుంటున్న పిల్లల తల మీదుగా గద్ద ఆకారం ఒకటి కదిలించారు. వెలుగు తగిలిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు గింజనీ వదల్లేదు, గద్దనీ కనిపెట్టాయి. చీకటి గుడ్ల పిల్లలు రెండు పనులూ ఒక్కసారి పడేసరికి తడబడ్డాయి. పరీక్ష సాగినకొద్దీ రాళ్ళనే ఎక్కువ పొడిచాయి. పని పంపకం ఉన్న ఇంట్లో వంటా అవుతుంది, వాకిలి కాపలా కూడా అవుతుంది. మెదడు కూడా అంతే.

ఎడమన చిన్నది, కుడిన పెద్దది

ఇప్పుడు లెక్కనీ, కుడిఎడమలనీ ఒక్కచోట చేర్చే ప్రయోగం. కోడిపిల్ల ముందు పదహారు గిన్నెలు వరసగా దూరంగా పోయేలా పెట్టి, నాలుగో గిన్నెలో మేత పెట్టి అలవాటు చేశారు. తర్వాత ఆ వరసని అడ్డంగా తిప్పారు. ఇప్పుడు ఎడమనుంచీ ఒక నాలుగోది ఉంది, కుడినుంచీ ఒక నాలుగోది ఉంది. పిల్లలు ఎడమనుంచి నాలుగోదాన్నే ఎక్కువగా ఎంచుకున్నాయి. ఇది 2010 నాటి మాట.

2015లో రుగాని బృందం ఇంకో అడుగు వేసింది. మూడు రోజుల పిల్లకి అయిదు బొమ్మలున్న పలక వెనక మేత దొరుకుతుందని అలవాటు చేశారు. తర్వాత కుడిఎడమల్లో ఒకేలాంటి రెండు పలకలు పెట్టారు. రెండింటి మీదా రెండేసి బొమ్మలుంటే పిల్లలు నూటికి డెబ్బైసార్ల దాకా ఎడమ పలక వైపు వెళ్ళాయి. రెండింటి మీదా ఎనిమిదేసి ఉంటే అంతేగా కుడివైపు వెళ్ళాయి. ఎనిమిది ఎప్పుడూ కుడికేనా? కాదు. మొదట ఇరవై బొమ్మలతో అలవాటు చేస్తే ఎనిమిదికి ఎడమకీ, ముప్ఫైరెండుకి కుడికీ పోయాయి. చిన్నదా పెద్దదా అన్నది తాము మొదట చూసినదాన్నిబట్టే.

మనుషుల్లోనూ ఇదుంది. 1993లో స్టానిస్లాస్ డెహేన్ బృందం, చిన్న సంఖ్యలకి ఎడమచేయి, పెద్ద సంఖ్యలకి కుడిచేయి త్వరగా జవాబిస్తాయని చూపించింది. ఎడమనుంచి కుడికి రాసే లిపి వల్ల ఇలా అవుతుందని భావించారు. కుడినుంచి ఎడమకి చదివే ఇరానీ విద్యార్థుల్లో ఇది బలహీనపడటం ఆ భావనకి ఊతం. మనలో తెలుగు చదివేవాళ్ళనీ ఉర్దూ చదివేవాళ్ళనీ పక్కపక్కన కూర్చోబెట్టి ఈ ప్రయోగం చేయవచ్చు. కానీ కోడిపిల్లకి ఏ లిపీ లేదు. లిపి ఈ ధోరణిని పెంచవచ్చు, తగ్గించవచ్చు, దాని మూలం మాత్రం మెదడు కుడిఎడమల పంపకంలోనే ఉండవచ్చని రుగాని బృందం వాదన. ఈ ఫలితానికి అర్థం ఏమిటన్న దాని మీద శాస్త్రవేత్తల్లో వాదం జరిగింది. చేపలు, కోతుల వంటి జంతువుల్లో అన్నిటికీ ఒకే ఫలితం రాలేదు. వాదం నడవడం శాస్త్రానికి ఆరోగ్యం.

వలిసె పూల మీద

చలికాలం మొదలయ్యేసరికి అరకు లోయ పసుపు దుప్పటి కప్పుకుంటుంది. అవి వలిసె పూలు. పర్యాటకులకి ఫోటో, రైతుకి నూనెగింజ, తేనెటీగకి సంవత్సరంలో పెద్ద పండుగ. వలిసె మొక్క సొంత పుప్పొడితో సరిగా గింజ కట్టదు. ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్కకి చేర్చడానికి తేనెటీగ రావాలి. కొండ చరియలకీ ఎత్తైన చెట్లకీ పట్టు పెట్టేవీ, పుట్టల్లో తొర్రల్లో కాపురముండేవీ, రెండు రకాలూ ఈ మన్యంలో ఉన్నాయి. వాటి తేనెని ఆదివాసులు సేకరిస్తే 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతోంది.

తేనెటీగ మెదడు ఆవగింజకన్నా చిన్నది, అందులో నాడీకణాలు పది లక్షల లోపే. 2008లో మేరీ డాకే, మన దేశంనుంచి ఆస్ట్రేలియా వెళ్ళిన మాండ్యం శ్రీనివాసన్ కలిసి ఐరోపా తేనెటీగల్ని సొరంగంలోంచి ఎగిరించారు. దారిలో గుర్తులు పెట్టి, ఉదాహరణకి మూడో గుర్తు దగ్గర చక్కెరనీళ్ళు ఉంచారు. తర్వాత గుర్తుల మధ్య దూరం మార్చినా తేనెటీగలు మూడో గుర్తు దగ్గరే వెతికాయి. దూరాన్ని కాదు, గుర్తుల్ని లెక్కపెట్టుకున్నాయి. వాటి లెక్క నాలుగు దాకా వచ్చింది. జెవన్స్ చిక్కుడు గింజలు గుర్తున్నాయా? అక్కడా నాలుగే. 2018లో స్కార్లెట్ హోవార్డ్, ఏడ్రియన్ డయర్ బృందం తేనెటీగలకి "తక్కువున్న దాన్ని ఎంచుకో" అని నేర్పితే, అవి ఏమీ లేని పలకని ఒకటికన్నా తక్కువగా గుర్తించాయి. ఇప్పుడు ప్రపంచమంతా వాడే సున్నా గుర్తు పుట్టింది మన దేశంలో. శూన్యం కూడా ఒక పరిమాణమేనన్న భావన ఒక ఈగకి అందుతుందని తెలియడం ఆ గుర్తు విలువని ఇంకా పెంచుతుంది.

కుడిఎడమలు ఈగకీ ఉన్నాయి. 2006లో వాసనలు నేర్పినప్పుడు, కుడి మీసంతో నేర్చుకున్న తేనెటీగలు ఎడమ మీసంతో నేర్చుకున్నవాటికన్నా బాగా నేర్చుకున్నాయి. ఇంకో సంగతి నేరుగా అరకుకే సంబంధించినది. కాఫీ పువ్వు మకరందంలో కాస్త కెఫీన్ ఉంటుంది. 2013లో జెరాల్డిన్ రైట్ బృందం, కెఫీన్ కలిసిన తీపి తాగిన తేనెటీగలు మర్నాటికి ఆ పూల వాసనని గుర్తుపెట్టుకోవడం మూడు రెట్లు ఎక్కువని తేల్చింది. సిల్వర్ ఓక్ నీడన, మిరియం తీగల పక్కన తెల్లగా పూసే అరకు కాఫీ తన దగ్గరికి వచ్చిన ఈగకి జ్ఞాపకాన్ని కూడా తాగించి పంపుతోందన్నమాట.

చివరి మూడు రోజుల వెలుగు

ఇదంతా తెలిసి మనం చేయాల్సిందేమిటి? మొదటిది, ఒక దురభిప్రాయం వదలాలి. లెక్క మనిషి మొదలుపెట్టింది కాదు. అడవిలో ఏ గుంపులో చేరాలి, ఎన్నో చెట్టు దగ్గర మలుపు తిరగాలి అన్న అవసరాలే దాన్ని కోట్ల ఏళ్ళ కింద పుట్టించాయి. మనం దానికి పేర్లు పెట్టాం, గుర్తులు పెట్టాం, ఎక్కాలు కట్టాం. ఆ గొప్ప మనదే. పునాది మాత్రం ఉమ్మడి ఆస్తి.

రెండోది, ఆ తెలివి ఒక్క జీన్లతోనే రాదు. పెంకు మీద పడే కాస్త వెలుగు కూడా దాన్ని తీర్చిదిద్దుతుంది. అడవికోడి పొదల కింద గుడ్లు పెడుతుంది. ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా వాటి మీద పడుతుంది. కొండ మీది ఇంట్లో మూలన గడ్డి పరిచిన గంపలో పొదిగే నాటుకోడి మేతకి లేచినప్పుడూ ఇదే జరుగుతుంది. గంపలో పొదిగించే ఆ పద్ధతిలో ఏ గొప్ప యంత్రమూ చేయని పని ఒకటి తనంతట తానే జరిగిపోతోంది.

మూడోది, ఆచరణకి సంబంధించినది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని డైరెక్టరేట్ ఆఫ్ పౌల్ట్రీ రీసెర్చ్ వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి కోళ్ళని రూపొందించింది. పెరటి కోడంటే షెడ్డులో దాణా తినేది కాదు. రాళ్ళ మధ్య గింజ ఏరుకోవాలి, పైన గద్దనీ కనిపెట్టాలి. అవే రెండు పనులు, 2004 ప్రయోగంలో చీకటి గుడ్ల పిల్లలు తడబడ్డ పనులు. కరెంటు పొదుగుపెట్టెల్లో సాధారణంగా చీకటే ఉంటుంది. గుడ్లలో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం మనది. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, కొండల మీద పెరటి కోళ్ళు పెంచే వేలాది ఆడవాళ్ళున్నారు. సగం గుడ్లు చీకట్లో, సగం గుడ్లు వెలుగులో పొదిగించి, వాకిట్లో గద్దకి ఏ పిల్లలు ఎన్ని పోయాయో లెక్కరాస్తే చాలు. పెద్ద ఖర్చేమీ కాదు. అరకు కొండల్లో అలాంటి పరీక్ష జరగాలి.

గుడ్డులోని పిల్ల చివరి మూడు రోజులూ కుడికన్ను పెంకు వైపు పెట్టుకుని ఉంటుంది. పొదుగుపెట్టె నడిపే ప్రతివాళ్ళకీ నా మనవి ఒక్కటే: ఆ మూడు రోజులూ లోపల ఒక చిన్న దీపం వెలగనివ్వండి.